బంతి విడిచే వేళ తప్పుతోందా? వేళ్ళను తిట్టకండి, కాళ్ళను చూడండి

అమీర్‌పేట నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. పేరు వెయ్యవద్దని కోరారు.

"డాక్టరు గారికి నమస్కారములు. మా అబ్బాయికి పదమూడేళ్ళు. ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. నాలుగేళ్ళుగా మా గల్లీలో టెన్నిస్ బంతితో ఆడుతున్నాడు. వాడు బౌలింగ్ వేస్తే పెద్దపిల్లలు కూడా జంకేవారు. మొన్న వేసవి సెలవుల్లో ఒక క్రికెట్ శిబిరంలో చేర్పించాము. అప్పటి నుంచీ వాడి బంతి గతి తప్పింది. ఒక బంతి నేల తాకకుండా ఆడేవాడి నడుం మీదికి పోతుంది. తర్వాతి బంతి సగం దారిలోనే పడుతుంది. 'బంతి ముందే వదిలేస్తున్నావు, కాస్త ఆగి విడువు' అంటున్నారట అక్కడి కోచ్. రోజుకు వంద బంతులు ఎక్కువ వెయ్యమన్నారు. వీడు వేస్తున్నాడు. నెల రోజులుగా ఎడమవైపు నడుం నొప్పి అంటున్నాడు. వాళ్ళ నాన్నగారు 'మగపిల్లాడు, ఆ మాత్రం ఓర్చుకోలేడా' అంటారు. మా అత్తగారు ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ చేత తొక్కిస్తే పోతుందంటున్నారు. మీరేమంటారు?"

అమ్మా, ముందు రెండు మాటలు చెప్పి, తర్వాత కారణం చెబుతాను. ఈ రోజు నుంచే మీవాడి చేత బౌలింగ్ ఆపించండి. నడుం ఎవరి చేతా తొక్కించకండి. ఎందుకంటే మీ ఉత్తరంలో మీరు రెండు బాధలు రాశారు. బంతి గతి తప్పడం ఒకటి, నడుం నొప్పి ఒకటి. ఆ రెండూ ఒకే లోపానికి రెండు ముఖాలు కావచ్చునని నా అనుమానం.

రెప్పపాటులో ఇరవయ్యో వంతు

2025 ఆగస్టు 4వ తేదీన లండన్ ఓవల్ మైదానంలో మన హైదరాబాదు కుర్రాడు మహమ్మద్ సిరాజ్ ఆఖరి వికెట్ పడగొట్టిన దృశ్యం మీ ఇంట్లో అందరూ చూసే వుంటారు. యార్కర్ వచ్చి ఆఫ్ స్టంపును ఎగరగొట్టింది. భారతదేశం ఆరు పరుగుల తేడాతో గెలిచింది. మర్నాటి నుంచి ప్రతి గల్లీలోనూ పిల్లలు యార్కర్లు వెయ్యడం మొదలుపెట్టారు. సిరాజ్ కూడా హైదరాబాదు గల్లీల్లో టెన్నిస్ బంతితో పెరిగినవాడే. అందుచేత పిల్లలకు ఆ ఆశ వుండడంలో తప్పులేదు.

కాని ఆ బంతి వెనుక వున్న లెక్క ఏమిటో ఒకసారి చూడండి. పదమూడేళ్ళ కుర్రవాడు గట్టిగా బౌలింగ్ వేసేటప్పుడు అతని చెయ్యి సెకనుకు సుమారు మూడున్నర చుట్లు తిరిగే వేగంతో కదులుతుంది. ఆ లెక్కన సెకనులో రెండువందో వంతు కాలంలో చెయ్యి ఆరు డిగ్రీలు తిరిగిపోతుంది. బంతిని ఆ కాస్త ముందు విడిచినా, వెనుక విడిచినా, పదిహేడు మీటర్ల అవతల గురి దాదాపు మనిషి ఎత్తు మారిపోతుంది. సెకనులో రెండువందో వంతు అంటే మనం కన్ను మూసి తెరిచే కాలంలో ఇరవయ్యో వంతు కూడా వుండదు!

ముందుగా విడిస్తే బంతి పైకి లేచి, నేల తాకకుండా పోతుంది. దానినే ఫుల్‌టాస్ అంటారు. ఆలస్యంగా విడిస్తే బంతి కిందికి దిగి పొట్టిగా పడుతుంది. సరిగ్గా విడిచే చోటు సుమారుగా చెప్పాలంటే చెయ్యి చెవి పక్కగా నిలువుకు వచ్చి తలకు కొద్దిగా ముందుకు వెళ్ళే వేళ.

ఇప్పుడు "ఆగి విడువు" అన్న సలహాను ఆలోచించండి. ఒక సంగతి గమనించి, దానికి తగినట్టు చేతిని మార్చుకోవడానికి మన మెదడుకు సుమారు సెకనులో ఐదో వంతు పడుతుంది. భుజం వెనుక నుంచి ముందుకు చెయ్యి అర్ధచుట్టు తిరగడానికి పట్టేది సెకనులో ఏడో వంతే. అంటే "ఇప్పుడు విడవాలి" అని పిల్లవాడు అనుకునేలోగా బంతి వెళ్ళిపోయి వుంటుంది. కనుక విడిచే వేళను విడిచే వేళకు సరిదిద్దలేము. దానికంటే ముందు జరిగే పనులను సరిదిద్దాలి. కోచ్ గారు చెప్పిన మాట చూసినదాన్ని బట్టి నిజమే. కాని ఆ మాట వినగానే పిల్లవాడు చేసేది ఒక్కటే: బంతిని మరింత గట్టిగా బిగించి పట్టుకుంటాడు. బిగించిన వేళ్ళు ఆలస్యంగా తెరుచుకుంటాయి. బంతి పొట్టిగా పడుతుంది. దానికి మళ్ళీ తిట్లు తిని ఈసారి ముందే విడుస్తాడు. మీవాడి ఒక బంతి నడుం మీదికి, ఒక బంతి సగం దారిలోకి పోవడానికి ఇది ఒక కారణం.

చర్నాకోల న్యాయం

బౌలింగ్ చేతి పని అని చాలామంది అనుకుంటారు. నిజానికి అది పాదం దగ్గర మొదలై వేళ్ళ దగ్గర ముగిసే పని. బండి తోలేవాడి చర్నాకోలను గుర్తు తెచ్చుకోండి. పిడిని విదిలించి, చటుక్కున ఆపుతాడు. ఆ వేగం తాడు వెంట పాకి కొసకు చేరి చెళ్ళుమంటుంది. పిడి ఆగకపోతే కొస మోగదు.

బౌలరుకు ముందుపాదం నేలను తాకడమే ఆ పిడి ఆగడం. పరుగెత్తి వచ్చిన ఒళ్ళు అక్కడ నిలదొక్కుకుంటుంది. ఆ వేగం తుంటికి, తుంటి నుంచి మొండేనికి, అక్కడి నుంచి భుజానికి, మోచేతికి, చివరకు వేళ్ళకు వరుసగా చేరుతుంది. ముందుకాలి మోకాలు కుంగినా, తల పక్కకు ఒరిగినా, పాదం ఒక్కోసారి ఒక్కో చోట పడినా, ఆ వరుస చెదురుతుంది. చెయ్యి వెనుకబడుతుంది. వెనుకబడిన చేతిని అందుకోవడానికి పిల్లవాడు తనకు తెలియకుండానే నడుమును వెనక్కు విరిచి, పక్కకు వంచి, మెలితిప్పి లాగుతాడు. బంతి గతి తప్పేదీ అక్కడే, నడుము దెబ్బతినేదీ అక్కడే.

వేగంగా వేసే బౌలరు ముందుపాదం మోపినప్పుడు ఆ కాలిమీద పడే బరువు అతని ఒంటి బరువుకు నాలుగైదు రెట్లు వుంటుంది. వేగం పెరిగితే ఇంకా ఎక్కువ. నలభై కిలోల పిల్లవాడికి అది సుమారు రెండువందల కిలోలు. అమీర్‌పేట, పంజగుట్ట గల్లీల్లో ఆ బరువు పడేది మట్టి మీద కాదు, సిమెంటు రోడ్డు మీద. అదీ రోజుకు ఎన్నిసార్లో లెక్క లేకుండా.

గల్లీ నుంచి మైదానానికి వెళితే ఏమవుతుంది?

మీవాడు గల్లీలో బాగా వేసి, శిబిరంలో ఎందుకు చెడిపోయాడు? ఇందులో వాడి తప్పు లేదు. మూడు మార్పులు ఒకేసారి వచ్చిపడ్డాయి.

మొదటిది పరుగు. మన గల్లీలో ఒక పక్క స్కూటర్లు, ఒక పక్క హాస్టలు గేటు, మధ్యలో స్పీడు బ్రేకరు. పరుగెత్తడానికి నాలుగు అడుగుల చోటు దొరికితే గొప్ప. అందుచేత పిల్లవాడు నాలుగు అడుగుల పరుగుకు తగినట్టు చేతిని తిప్పడం నేర్చుకున్నాడు. మైదానంలో పదిహేను అడుగుల పరుగు. ఒళ్ళు ఎక్కువ వేగంతో వస్తుంది. చేతికి మాత్రం పాత లెక్కే గుర్తుంది.

రెండవది బంతి బరువు. టెన్నిస్ బంతి యాభై ఆరు నుంచి అరవై గ్రాముల లోపు. పెద్దవాళ్ళ క్రికెట్ బంతి సుమారు 156 నుంచి 163 గ్రాములు. దాదాపు మూడురెట్లు! పదమూడేళ్ళలోపు పిల్లలకు క్రికెట్ నిబంధనలలోనే 133 నుంచి 144 గ్రాముల చిన్న బంతి వుంది. దుకాణంలో "జూనియర్ బంతి" అని అడగండి. చిన్న చేతికి పెద్ద బంతి ఇస్తే పిల్లవాడు అరచేతిలో కుక్కి పట్టుకుంటాడు. అప్పుడు బంతి వేళ్ళ కొసల నుంచి జారదు, అరచేతి నుంచి ఊడుతుంది. దానికి గురి ఎక్కడ?

మూడవది వయసు. మగపిల్లలు పదమూడు, పద్నాలుగేళ్ళ ప్రాంతంలో ఏడాదికి ఎనిమిది నుంచి పది సెంటీమీటర్ల దాకా పొడుగెదుగుతారు. ఆడపిల్లల్లో ఈ ఎదుగుదల ఇంకా ముందే వస్తుంది. ఆర్నెల్ల కిందటి చెయ్యి కాదు, ఆర్నెల్ల కిందటి కాలూ కాదు. కొలతలు మారాయి కనుక వేళలూ మారతాయి. "మొన్నటిదాకా బాగా వేసేవాడు, ఇప్పుడు ఒళ్ళు దాచుకుంటున్నాడు" అని తిట్టే తండ్రులు ఒకసారి తలుపు పక్క గోడమీద పిల్లవాడి ఎత్తు గీతలు పెట్టి చూసుకోవాలి. ఎముకలు ముందు పెరిగి, కండరాలు ఇంకా బలం పుంజుకోని కాలమది. దెబ్బలు ఎక్కువగా తగిలేది కూడా ఆ కాలంలోనే.

ఆడపిల్లలకూ ఇదంతా వర్తిస్తుంది. 2025 నవంబరులో ప్రపంచకప్పు గెలిచిన మన మహిళా జట్టులో కడప జిల్లా శ్రీచరణి, హైదరాబాదు పేస్ బౌలరు అరుంధతి రెడ్డి వున్నారు. ఇక మీదట బౌలింగ్ వేసే ఆడపిల్లలు ప్రతి వీధిలోనూ కనిపిస్తారు.

ఎడమవైపు నడుం నొప్పి ఎందుకు?

మీవాడు కుడిచేత్తో వేస్తాడనుకుంటున్నాను. కుడిచేతి బౌలరుకు ఎడమవైపు, ఎడమచేతి బౌలరుకు కుడివైపు నడుం నొప్పి వస్తే దానిని తేలికగా తీసుకోకూడదు. వెన్నుపూస వెనుక భాగంలో ఒక సన్నని ఎముక వంపు వుంటుంది. ఒళ్ళు వెనక్కు విరిచి, పక్కకు వంచి, మెలితిప్పినప్పుడల్లా బౌలింగ్ చెయ్యి లేని వైపు వంపు నలుగుతుంది. తీగను అటూ ఇటూ వంచుతూ వుంటే ఒకనాటికి విరుగుతుంది చూడండి, అలాగే అక్కడ సన్నని చీలిక ఏర్పడవచ్చు. దీనిని స్పాండిలోలైసిస్ అంటారు. ఒకేసారి తగిలిన దెబ్బ కాదు కనుక పైకి వాపు, కమిలిన గుర్తు ఏమీ వుండవు. అందుకే ఇంట్లోవాళ్ళు నమ్మరు.

ఇది పెద్ద బౌలర్లకూ తప్పలేదు. ఆస్ట్రేలియా బౌలరు డెన్నిస్ లిల్లీకి 1973లో వెస్టిండీస్ పర్యటనలో వెన్నులో ఇటువంటి చీలికలే బయటపడ్డాయి. ఆట మానుకుని, ఒంటిని బలపరచుకుని, బౌలింగ్ తీరు మార్చుకుని 1974–75లో తిరిగి వచ్చాడు. తర్వాత 1987 నుంచి మద్రాసు ఎం.ఆర్.ఎఫ్. పేస్ ఫౌండేషన్‌లో మన కుర్రాళ్ళకు శిక్షణ ఇచ్చినవాడు కూడా ఆయనే. వేళకు ఆపినందువల్లే ఆయన తిరిగి వెయ్యగలిగాడు.

పిల్లవాడిని ఒంటికాలి మీద నిలబెట్టి, మీరు పట్టుకుని, కొద్దిగా వెనక్కు వంగమనండి. నొప్పివున్న వైపు కాలిమీద నిలబడినప్పుడు అదే నొప్పి కలుక్కుమంటే డాక్టరుకు చూపించాలి. కలుక్కుమనకపోయినా నొప్పి వారం దాటితే చూపించాలి. పంజగుట్ట నిమ్స్ మీకు దగ్గరే. అది నిజాం ఎముకల ఆసుపత్రిగా మొదలైందే. అక్కడైనా, ఏ ఎముకల డాక్టరు దగ్గరికైనా వెళ్ళి, "మావాడు బౌలింగ్ వేస్తాడు, ఏ చేత్తో వేస్తాడు, రోజుకు ఎన్ని బంతులు వేస్తున్నాడు" అన్న మూడు మాటలు తప్పకుండా చెప్పండి. మొదటి రోజుల్లో ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు. ఎక్స్‌రే బాగుందని మర్నాడే బంతి చేతికివ్వకండి. అవసరమైతే డాక్టరు ఎం.ఆర్.ఐ. తీయిస్తారు. చీలిక తేలితే సాధారణంగా కొన్ని నెలలు బౌలింగ్ మానాలి. ఆ మాట విని బెంబేలెత్తవద్దు. మొదట్లోనే కనిపెట్టి విశ్రాంతి ఇస్తే చాలామంది పిల్లలకు నయమవుతుంది. నొప్పి మాత్ర వేసి ఆడిస్తేనే ప్రమాదం.

కాళ్ళు తిమ్మిరెక్కడం, కాలిలో బలం తగ్గడం, మలమూత్రాలు పట్టు తప్పడం, జ్వరంతో నడుం నొప్పి రావడం, రాత్రి నిద్రలో నొప్పికి లేవడం: వీటిలో ఏది కనిపించినా మర్నాటికి వాయిదా వెయ్యకండి.

ఇంట్లో చేయించవలసిన సాధన

ఇది నొప్పిలేని పిల్లలకు. నొప్పివున్న పిల్లవాడు డాక్టరు సరేనన్న తర్వాతే మొదలుపెట్టాలి. మీ మేడమీద చేయించవచ్చు. చుట్టూ పిట్టగోడ ఎత్తుగా వుండాలి సుమా!

ముందుగా లోపం ఎక్కడుందో చూడండి. సుద్దముక్కతో నేలమీద గీతలు గీసి, పది బంతులు వేయించి, ఎక్కడ పడ్డాయో గుర్తు పెట్టండి. అన్నీ ముందుకే పోతుంటే ఎప్పుడూ త్వరగా విడుస్తున్నాడని. అన్నీ పొట్టిగా పడుతుంటే ఎప్పుడూ ఆలస్యమని. అటూ ఇటూ చెదురుతుంటే వేళ కుదరడం లేదని. మీ ఫోనులో నెమ్మదిగా కదిలే వీడియో సదుపాయం వుంటే పక్కనుంచి ఒకటి, ఎదురుగా ఒకటి తియ్యండి. వేళ్ళను చూడకండి. ముందుపాదం పడినప్పుడు మోకాలు కుంగుతోందా, తల పక్కకు ఒరుగుతోందా, ఈ రెండే చూడండి.

మొదటి వారం. పరుగు లేదు. బౌలింగ్ అడుగు వేసినట్టుగా కాళ్ళు ఎడంగా పెట్టి, పక్కకు తిరిగి నిలబడాలి. పాత మేజోళ్ళను ఉండగా చుట్టి బంతి చెయ్యండి. బరువును వెనుకకాలి నుంచి ముందుకాలి మీదికి నెమ్మదిగా మార్చి, ఖాళీ చేతిని గురివైపు చాచి, దానిని కిందికి లాగుతూ బౌలింగ్ చేతిని పైకి తేవాలి. గోడమీద సుద్దతో గీసిన వృత్తానికి మేజోళ్ళ బంతి తగలాలి. "వృత్తాన్ని చూడు" అనండి. "చెయ్యి చూసుకో, వేళ్ళు తెరువు" అనకండి. నేర్చుకునేవాడి ధ్యాస ఒంటిమీద కంటే గురిమీద వుంటే నేర్పు త్వరగా వస్తుందని పరిశోధనలు చాలావరకు చెబుతున్నాయి.

రెండవ వారం. మూడు అడుగుల నడక, తర్వాత టెన్నిస్ బంతి. ముందుపాదం పడవలసిన చోట సుద్దతో ఒక పాదం ఆకారం గియ్యండి. బంతి ఎక్కడ పడిందో ఈ వారం పట్టించుకోవద్దు. పది బంతుల్లో ఎనిమిదిసార్లు పాదం ఆ ఆకారంలో పడితే గెలిచినట్టే. ముందుకాలి మోకాలు కర్రలా బిగుసుకోనక్కర లేదు, కాని కుంగిపోకూడదు.

మూడవ వారం. మైదానంలో పూర్తి పరుగు. దీనికో చిట్కా వుంది. పిల్లవాడిని బౌలింగ్ గీత దగ్గర నిలబెట్టి, వెనక్కు తిరిగి తనకు హాయిగా వున్నంత పరుగెత్తి బంతి వెయ్యమనండి. ముందుపాదం ఎక్కడ పడిందో గుర్తుపెట్టి, అక్కడి నుంచి గీత దాకా అడుగులతో కొలవండి. వాడి సహజమైన పరుగు అంతే. టీవీలో చూసినవాళ్ళ పరుగు కాదు. మొదట సగం వేగంతో, తర్వాత ముప్పాతిక వేగంతో, ఆ తర్వాతే పూర్తి వేగంతో వెయ్యాలి.

రోజు విడిచి రోజు చాలు. ఒక పూటకు ఆరేసి బంతుల చొప్పున నాలుగు విడతలు, విడతకూ విడతకూ మధ్య కాస్త విశ్రాంతి. ఇరవైనాలుగో బంతి తర్వాత, బాగా పడుతున్నా సరే, ఆపించండి. అలిసిన ఒళ్ళు తప్పుడు వేళనే నేర్చుకుంటుంది. మీవాడు రోజూ అదనంగా వేస్తున్న వంద బంతులు లోపాన్ని దిద్దడం లేదు, దానిని గట్టిపరుస్తున్నాయి.

గోడ క్యాలెండరు మీద బంతుల లెక్క రాయండి

పాలవాడి లెక్క రాసినట్టే ఇదీ రాయండి. గల్లీలో వేసినవి, బడిలో వేసినవి, శిబిరంలో వేసినవి, అన్నీ కలిపి. కోచ్ గారికి శిబిరంలో వేసిన బంతులే తెలుసు. మొత్తం తెలిసేది మీకే.

ఇంగ్లండులో పదమూడేళ్ళలోపు వేగపు బౌలర్లకు ఒక విడతకు ఐదు ఓవర్లు, రోజుకు పది ఓవర్లు మించకూడదని అక్కడి క్రికెట్ బోర్డు చాలా ఏళ్ళుగా హద్దు పెట్టింది. అది మ్యాచి రోజుకు హద్దు, రోజూ వెయ్యమని కాదు. వరుసగా రెండు రోజులకు మించి వేయించకండి. సెలవుల తర్వాత ఒక్కసారిగా బంతులు పెంచకండి, వారం వారం కొద్దికొద్దిగా పెంచండి. ఏడాదిలో కొన్ని నెలలు బౌలింగ్ పూర్తిగా మాని ఈత, ఫుట్‌బాల్, కబడ్డీ ఏదైనా ఆడనివ్వండి.

తిండి గురించి ఒక మాట. పాలు, పెరుగు, రాగిజావ, పప్పు, తినేవాళ్ళయితే గుడ్డు: ఇవి చాలు. డబ్బాల్లో అమ్మే పొడులు అక్కరలేదు. అపార్టుమెంట్లలో పెరిగే పిల్లలకు ఎండ తగలక డి విటమిన్ తక్కువ కావడం మామూలే. డాక్టరు చెబితే పరీక్ష చేయించండి. రాత్రి నిద్ర తొమ్మిది గంటలు వుండాలి.

మరి రెండు ఉత్తరాలు

పంజగుట్ట నుంచి ఒక పెద్దాయన: "మా అబ్బాయి అమీర్‌పేటలో కంప్యూటరు కోర్సు చేసి అమెరికా వెళ్ళాడు. పదకొండేళ్ళ మా మనవడు అక్కడ బేస్‌బాల్‌లో బంతి విసురుతాడు. గురి తప్పుతోందని, మోచేతి లోపలివైపు నొప్పి అని అంటున్నాడు. బౌలింగ్ సంగతులు దానికీ వర్తిస్తాయా?"

వర్తిస్తాయి బాబాయి గారూ. ఆ ఆటలో పరుగు లేదు. మోచేయి వంచి విసురుతారు. ముందుపాదం నేల తాకినప్పటి నుంచి బంతి విడిచేదాకా పట్టేది సెకనులో ఏడో వంతు మాత్రమే. అక్కడా ముందు విడిస్తే బంతి పైకి, ఆలస్యమైతే కిందికి. అక్కడా మందు ఒకటే: పాదం, తుంటి, మొండెం, ఆ తర్వాతే చెయ్యి. 2008లో ఉత్తరప్రదేశ్ కుర్రాళ్ళు రింకూ సింగ్, దినేశ్ పటేల్ ఈటె విసిరే చేతులతో వెళ్ళి ఆ విద్య మొదటి నుంచి నేర్చుకుని ఒక అమెరికా వృత్తి జట్టులో చేరారు.

అయితే మోచేతి లోపలి నొప్పి వేరే సంగతి. ఆ వయసులో అక్కడ ఎముక పెరిగే మెత్తని పొర వుంటుంది. గ్రోత్ ప్లేటు అంటారు. ఎక్కువ విసిరితే అది లాగుకుపోతుంది. నొప్పి పూర్తిగా పోయి, డాక్టరు చూసేదాకా విసరవద్దని ఫోనులో చెప్పండి. అక్కడి లిటిల్ లీగ్ సంస్థ 2007 నుంచి బంతులకు లెక్క పెట్టింది. పదకొండు, పన్నెండేళ్ళ వాళ్ళకు రోజుకు ఎనభై ఐదు బంతులే. అరవై ఆరుకు చేరితే నాలుగు రోజులు విశ్రాంతి. మనవడు రెండు జట్లకు ఆడుతుంటే రెండు లెక్కలూ కలపమనండి. అక్కడ జరిగే పొరపాటు అదే.

సంజీవరెడ్డినగర్ నుంచి ఒక విద్యార్థి: "డాక్టరు గారూ, నేను స్పిన్ వేస్తాను. చెయ్యి వంగుతోంది, అది త్రో అని ఏడిపిస్తున్నారు. ఇక మానెయ్యాలా?"

మానవద్దు నాయనా. బంతి వేసేటప్పుడు మోచేయి వంగివుండడం తప్పు కాదు. భుజం ఎత్తుకు వచ్చినప్పటి నుంచి బంతి విడిచేదాకా ఆ వంపు పదిహేను డిగ్రీలకు మించి చాచుకుంటేనే తప్పు. కంటితో చూసి దానిని తేల్చడం చాలా కష్టం. మన హైదరాబాదులో ఆట నేర్చి ఇరవైనాలుగు టెస్టులు ఆడిన ప్రజ్ఞాన్ ఓఝా బౌలింగ్ తీరు సరిగా లేదని 2014 చివర్లో బోర్డు ఆపించింది. దానిని సరిదిద్దుకుని పరీక్షలో నెగ్గి, 2015 మొదట్లోనే తిరిగి బంతి పట్టాడు. అంత పెద్ద ఆటగాడే మళ్ళీ మొదటి నుంచి నేర్చుకున్నప్పుడు నీకు సిగ్గెందుకు? నువ్వూ మొదటి వారం సాధనతోనే మొదలుపెట్టు. చాలాసార్లు ఒళ్ళు ముందే తిరిగిపోయి, చెయ్యి వెనుకబడి, దానిని అందుకోవడానికే మోచేయి విసురుతుంది.

అమ్మా, చివరగా మళ్ళీ మీకు. ఈ పేజీ మీవారికీ, మీ అత్తగారికీ చదివి వినిపించండి. కోచ్ గారితో తగవు పెట్టుకోనక్కర లేదు. "డాక్టరుకు చూపించేదాకా బౌలింగ్ వద్దు, తర్వాత చిన్న బంతితో, తక్కువ పరుగుతో మొదలుపెట్టించండి" అని మర్యాదగా చెప్పండి. మంచి కోచ్ అయితే తప్పక వింటారు. మీవాడు బౌలింగ్ మానిన రోజుల్లో ముఖం వేలాడేసుకుంటాడు. వాడితో మాత్రం ఇలా చెప్పండి: "నీ చెయ్యి పాడవలేదురా. నువ్వు పొడుగయ్యావు. పాత వేళ కొత్త ఒంటికి సరిపోవడం లేదు, అంతే." డాక్టరు ఏం చెప్పారో నాకు మళ్ళీ ఒక కార్డు రాయండి.